ఆగకూడని గుమ్మం

నేను కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసేవాణ్ణి. సైకిల్ తొక్కడం చిన్నప్పుడు వచ్చు, పెద్దయ్యాక దానితో పని పడలేదు. షాపుకి నడిచి వెళ్తాను, ఇంటికి నడిచి వస్తాను, మధ్యలో టీ తాగుతాను. పొట్ట ఉంది. ఆ పొట్ట మీద ఇంతవరకూ ఎవరికీ అభ్యంతరం లేదు. అలాంటి నాకు ప్రభుత్వం వారు ఫోటో అంటించి, ముద్ర కొట్టి, ‘సాహస సైకిల్ యాత్రికుడు’ అని ఒక కార్డు ఇచ్చారు. నవ్వొస్తే నవ్వుకోండి. మా ఆవిడ కూడా నవ్వింది. కాకపోతే నవ్వు అయ్యాక కాసేపు ఏడ్చింది.

దీనికంతటికీ మూలం మా పెద్దత్తగారు, అంటే మా అత్తగారి అక్క. ఆవిడ ఉండేది సరిహద్దు కొండల్లో, నిషేధిత ప్రాంతం లోపల. ఆవిడ కోడలిగా వెళ్ళిన రోజుల్లో అది నిషేధితం కాదు, మామూలు ఊరు. బస్సు వెళ్ళేది. మా అత్తగారు ఏడాదికోసారి వెళ్ళి అక్కని చూసి వచ్చేవారు. తర్వాత సరిహద్దు గీతకి ఇటువాళ్ళూ అటువాళ్ళూ మాటా మాటా అనుకున్నారు. బస్సు ఆగింది. టెలిఫోను మూగబోయింది. కొన్నాళ్ళే అన్నారు. ఆ కొన్నాళ్ళలో మా పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, పెద్దవాడికి మీసాలు కూడా వస్తున్నాయి.

లోపలికి వెళ్ళి రాగలిగింది సరుకు లారీలొక్కటే. ఉప్పు లారీ డ్రైవరు ఒకాయన అత్తగారిల్లు వెతుక్కుంటూ వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి చెప్పాడు.

“మీ అక్కగారికి బాగోలేదమ్మా. మంచం దిగుతారు, మళ్ళీ ఎక్కుతారు. చూపు ఆనట్లేదు. చేతిలో బియ్యంలో రాయి కనిపెడతారు గాని, వాకిట్లో మనిషిని పోల్చుకోలేరు. చెల్లెల్ని ఒక్కసారి చూపించండ్రా అని నాలాంటి దారినపోయేవాళ్ళని కూడా అడుగుతున్నారు.”

మా అత్తగారు ఆయనకి మంచినీళ్ళు ఇచ్చారు, కూర్చోమన్నారు, పిల్లలెంతమంది అని అడిగారు. ఆయన వెళ్ళాక గోడవైపు తిరిగి నిలబడ్డారు. ఆవిడ ఏడుస్తున్నారని వీపుని చూస్తే తెలిసింది. నేను చెప్పుల వంక చూస్తూ నిలబడ్డాను.

ఇద్దరం పర్మిట్ల ఆఫీసుకి వెళ్ళాం. రక్తసంబంధీకులకని ఒక కిటికీ ఉంది. దాని వెనక ఒక గుమాస్తా, ఆయన వెనక ఒక ఫ్యాను, ఆ ఫ్యాను గాలి మొత్తం ఆయనకే.

“మీరు ఆవిడకి చెల్లెలని అక్కడి ఊరి అధికారి ధ్రువపత్రం ఇవ్వాలి” అన్నాడు.

“తెప్పిస్తాం” అన్నాను.

“తెప్పిస్తే చెల్లదు. ఈవిడే స్వయంగా ఆయన ముందు వేలిముద్ర వెయ్యాలి.”

“ఆయన ఎక్కడుంటాడు?”

“లోపల.”

“లోపలికి వెళ్ళాలంటే?”

“పర్మిట్ ఉండాలి.”

పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు. సామెత అనుకున్నాను ఇన్నాళ్ళూ, ఆఫీసు అనుకోలేదు. నాకు ఒళ్ళు మండి బల్ల మీద గట్టిగా చరిచాను. గుమాస్తా అదిరిపడలేదు. రోజూ ఎవరో ఒకరు చరుస్తూనే ఉంటారనుకుంటా, ఆ చోట బల్ల నున్నగా అరిగి ఉంది.

“పోనీండి బాబూ, ఆయన మాత్రం ఏం చేస్తాడు” అన్నారు అత్తగారు. ఆవిడ ఎప్పుడూ ఇంతే. ఎవరి తప్పూ ఉండదు.

ఆ కిటికీ పక్క గోడ మీదే పెద్ద బొమ్మ ఉంది. ఎండలో మెరిసే కొండలు, పళ్ళు ఇకిలిస్తూ ఇద్దరు సైకిళ్ళవాళ్ళు, దారి పక్కన నిలబడి చేతులు ఊపుతున్న ఊరి జనం. కింద ‘సరిహద్దు అందాలు – సైకిల్ మీద స్వేచ్ఛగా’ అని రాసి ఉంది. అత్తగారు ఆ బొమ్మలో ఊరి జనం మొహాల్నే ఒక్కొక్కటిగా చూస్తూ ఉండిపోయారు.

ఎదురు వీధిలో పర్మిట్లు ఇప్పించే ఏజెంటు ఉన్నాడు. రెండు కుర్చీలు, ఒక జిరాక్సు మిషను, అంతకు మించి చోటు లేని కొట్టు. విషయం విని తల ఊపాడు.

“చుట్టాలకి దారి లేదండీ. యాత్రికుల్నైతే పిలిచి పీట వేస్తున్నారు. మోటారు బండి మీద వద్దు, సైకిల్ మీదైతే సరే. మీరు సైకిల్ యాత్రికులుగా వెళ్ళండి. కాకపోతే లోపల మీకు తెలిసినవాళ్ళు ఉన్నారా అని అడుగుతారు. ఎవరూ లేరనాలి. ఉన్నారన్నారంటే అది మళ్ళీ చుట్టాల కిటికీకి పోతుంది.”

“సొంత అక్కని లేదనమంటావా నాయనా?” అన్నారు అత్తగారు.

“అక్కని చూడాలంటే అక్క లేదనాలమ్మా.”

ఇంకొక మెలిక కూడా ఉంది. ఒంటరిగా వెళ్తానంటే ఇవ్వరు. కనీసం ఇద్దరుండాలి, ఇద్దరికీ కలిపి ఒకటే పర్మిట్. ఒకరు ఆగిపోతే రెండోవాళ్ళదీ అక్కడితో రద్దు.

అత్తగారికి సైకిల్ కొత్త కాదు. ముప్ఫై ఏళ్ళు నూలు మిల్లుకి సైకిల్ మీదే వెళ్ళి వచ్చిన మనిషి. పర్మిట్ కోసం పరీక్ష చేసిన డాక్టరు ఆవిడ నాడి చూసి మెచ్చుకున్నాడు. మా ఆవిడ సైకిల్ నేర్చుకోవాలని రెండుసార్లు ప్రయత్నించి రెండుసార్లూ గోడని గుద్దింది. మామగారు లేరు, కొడుకులు లేరు. మా పెద్దవాడికి పర్మిట్ ఇచ్చే వయసు రాలేదు. ఇక మిగిలింది నేను.

ఆవిడ నన్ను అడగలేదు. అల్లుణ్ణి అలాంటివి అడగరు. వంటింట్లో కూతురితో, “ఎవరిని పట్టుకుపోతామే, పోనీలే” అన్నారు. మా ఆవిడ వచ్చి అది తనకే తట్టిన ఆలోచనలాగా నాతో అంది. నేనూ అది నాకే తట్టినట్టు ఒప్పుకున్నాను. మా ఇంట్లో పనులు ఇలాగే జరుగుతాయి. అత్తగారంటే నాకు ప్రాణం. ఆ మాట ఆవిడతో ఎప్పుడూ అనలేదు. మా ఇద్దరి మధ్య మర్యాద ఎక్కువ. నేను వస్తే ఆవిడ లేచి నిలబడతారు. ఆవిడ నిలబడ్డారని నేను కూర్చోను. నేను కూర్చోలేదని ఆవిడ కూర్చోరు. కుర్చీలు ఖాళీగా ఉంటాయి, మేమిద్దరం నిలబడే కబుర్లు చెప్పుకుంటాం. పెళ్ళైన దగ్గర్నుంచీ ఇదే తంతు.

పొద్దున్నే ఖాళీ స్థలంలో సాధన మొదలుపెట్టాం. ఆవిడ నాకంటే బాగా తొక్కుతారు. కానీ అల్లుడు వెనకపడ్డాడన్న మాట రాకూడదని ప్రతి మలుపులోనూ చెప్పు సర్దుకునే నెపంతో ఆగేవారు. ఆ చెప్పు అన్నిసార్లు ఎందుకు ఊడుతోందో నాకు తెలుసు. నాకు తెలుసని ఆవిడకీ తెలుసు.

పర్మిట్ ఇదిగో అదిగో అన్నారు. ఈలోగా ఉప్పు లారీ డ్రైవరు లోపలికి వెళ్తుంటే అత్తగారు కబురు పెట్టారు.

“సైకిల్ మీద వస్తున్నానని చెప్పు నాయనా. ఏ రోజో తెలీదు, కానీ వస్తానని చెప్పు.”

నేను షాపులో కూర్చుని పెద్దత్తగారికి ఒక జోడు చేశాను. డ్రైవరు చెప్పిన బియ్యంలో రాయినీ, వాకిట్లో మనిషినీ పట్టుకుని దూరపు చూపుకి అంచనా కట్టాను. పరీక్ష చెయ్యకుండా అద్దం పెట్టడం మా వృత్తిలో పాపం. అయినా ఏమీ లేనిదానికంటే నయమని పెట్టాను. చెవుల దగ్గర ఒరుసుకోకుండా కాడలు మెత్తగా వంచి, గట్టి డబ్బాలో పెట్టి జేబులో వేసుకున్నాను.

ఎట్టకేలకు పర్మిట్ వచ్చింది. ప్రవేశ ద్వారం దగ్గర ఒక అధికారి మమ్మల్ని పటం ముందు నిలబెట్టి పాఠం చెప్పాడు. చాలా మర్యాదస్తుడు. ఇస్త్రీ మడత చెడకుండా వంగి మాట్లాడాడు.

“ఈ గేటున లోపలికి, ఆ చివరి గేటున బయటికి. వెనక్కి తిరగడం ఉండదు. మీ సైకిళ్ళు పనికిరావు, మేమిచ్చేవే తొక్కాలి. హెల్మెట్టు, నల్లద్దాలు, ఈ పసుపు కోటు ఎక్కడా తియ్యకూడదు. దారిలో ఊళ్ళు వస్తాయి. జనం చెయ్యి ఊపుతారు, మేమే ఊపమన్నాం. మీరూ ఊపొచ్చు. ఆగకూడదు.”

“సైకిల్ చెడితే?” అన్నాను అమాయకంగా మొహం పెట్టి.

“కాపలా పోస్టుకీ పోస్టుకీ మధ్య ఒక్కసారి ఆగొచ్చు. బాగుచేసుకోండి, దగ్గర్లో ఇల్లుంటే మంచినీళ్ళు అడిగి తాగండి, బయల్దేరండి. రెండోసారి ఆగితే అది చెడిపోవడం కాదు, కావాలని ఆగడం. మిమ్మల్ని లారీ ఎక్కిస్తాం. ఎవరి గుమ్మం ముందు ఆగారో ఆ ఇంటివాళ్ళ రేషను ఆపేసి విచారణకి పిలుస్తాం. మామూలే, కంగారుపడకండి. ఇంకొకటి, ఒకసారి తిరిగొచ్చినవాళ్ళకి మళ్ళీ రెండేళ్ళ దాకా పర్మిట్ ఇవ్వం. అందరికీ అవకాశం రావాలి కదా!”

రెండేళ్ళు అన్నప్పుడు అత్తగారి వంక చూశాను. ఆవిడ పటంలో రెండో పోస్టుకీ మూడో పోస్టుకీ మధ్య ఉన్న చిన్న చుక్కని చూస్తున్నారు.

పెద్దత్తగారిల్లు రోడ్డు మీదే. నీలం తలుపు, బయట రాతి అరుగు. మా పథకం సులువు. సరిగ్గా ఆ తలుపు ముందు అత్తగారి సైకిల్ చైను పడిపోతుంది. పెడలు వెనక్కి ఒక్క తన్ను తన్ని చైను పడగొట్టడం మిల్లు రోజుల్నుంచీ ఆవిడకి తెలిసిన విద్య.

“చైను ఎక్కించడానికి ఎంతసేపు పడుతుంది అత్తయ్యగారూ?”

“చేతనైనవాళ్ళకి చిటికెలో అయిపోతుంది బాబూ. చేతకానివాళ్ళకి చాలాసేపు పడుతుంది.”

“అయితే నేనే ఎక్కిస్తాను.”

ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ కబురు వచ్చాక ఆవిడ నవ్వడం అదే మొదలు. ఆ మొహం చూశాక ఆ కొండలు నెత్తిన పెట్టుకుని మొయ్యమన్నా మోసేవాణ్ణి.

మా వెనక మోటారుసైకిల్ మీద ఒక గార్డు. పింఛనుకి దగ్గరపడిన మనిషి, దగ్గు, కబుర్లపోగు. మేము తొక్కుతుంటే వెనక నుంచి కేకేసి ఆ కొండ పేరు ఇది, ఈ వాగు పేరు అది అని చెప్తూ వచ్చాడు. చెడ్డవాడైతే తిట్టుకోవడానికైనా ఉండేది. ఆ అదృష్టం కూడా లేదు. మొదటి రోజు ఎలాగో గడిచి శిబిరం చేరాం. ఆ ఎత్తులో గాలి పలచన. నాకు అన్నం సయించలేదు, చెవుల్లో హోరు. అత్తగారు అడిగితే, “దివ్యంగా ఉంది” అన్నాను. అల్లుడు అత్తగారి ముందు ఆయాసపడితే బాగుండదు కదా!

మర్నాడు రెండో పోస్టు. ఒక గది, పొయ్యి, గోడకి ఆనించిన పొడుగాటి బెంచీ. గార్డు టీ పోస్తూ అన్నాడు.

“ముందంతా ఎక్కుడు. పోస్టులో ఎంతసేపు కూర్చున్నా లెక్కలోకి రాదు. కాసేపు నడుం వాలుస్తారా?”

నాకు ఆ బెంచీ మీద పడిపోవాలని ఉంది. కానీ అత్తగారు నిలబడి ఉన్నారు, కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి. ఆ కొండ దాటితే అక్క. ఇప్పుడు నేను కాళ్ళు బారచాపుకుని కూర్చుంటే ఏం బాగుంటుంది?

“మీరెలా అంటే అలా అల్లుడుగారూ” అన్నారు ఆవిడ.

“నాకేం అక్కర్లేదు, వెళ్దాం పదండి” అన్నాను.

“సరే పదండి” అన్నారు. గార్డు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, తన టీ గబగబా తాగేశాడు.

ఎక్కుడు మొదలైన కాసేపటికే నాకు రోడ్డు రెండుగా కనిపించింది. చూపు సంగతి నాకు తెలుసు, ఇది కళ్ళ తప్పు కాదు. పెడలు మీద కాలు ఉందో లేదో తెలియలేదు. ముందు వెళ్తున్న పసుపు కోటు ఒక్కటే కనిపిస్తోంది. అది వెనక్కి తిరిగింది, నా మొహం వంక చూసింది. మరుక్షణం ఆవిడ సైకిల్ కరకరమని ఆగిపోయింది. చైను కిందికి వేలాడుతోంది.

నీలం తలుపు వచ్చేసిందనుకున్నాను. చుట్టూ చూశాను. ఒకవైపు బండ, ఒకవైపు లోయ.

“అత్తయ్యగారూ, ఇక్కడ కాదు” అన్నాను గొంతు తగ్గించి.

“ఇక్కడే బాబూ. ముందు మీరు కూర్చోండి.”

నన్ను బండకి ఆనించి కూర్చోబెట్టారు. సీసాలో నీళ్ళకి పంచదార కలిపి తాగించారు. నా పెదాలు నీలంగా అయ్యాయట. నేను పడిపోతే పర్మిట్ రద్దు, లారీ, అంతా పోతుంది. అది నిజమే. కానీ ఆవిడ అది లెక్కవేసి ఆగలేదు. ఆ మొహం చూస్తే తెలిసింది, కూతురి మొగుడు చచ్చిపోతాడేమోనని భయపడి ఆగారు. అల్లుడికి చేతకాలేదన్న మాట గార్డు నోట రాకూడదని చైను పడగొట్టారు.

గార్డు అప్పటికే రేడియోలో చెప్పేశాడు. “రెండు, మూడు పోస్టుల మధ్య, చైను పడింది, ఒకసారి ఆగారు.”

“అయ్యా, అది లెక్క రాయకండి” అన్నాను. లేవబోయి మళ్ళీ కూలబడ్డాను. “ముందు ఇంకొక్కసారి ఆగనివ్వండి. కాసేపే.”

“చెప్పేశాక వెనక్కి తీసుకోవడం ఉండదండీ” అన్నాడాయన. నిజంగానే బాధపడ్డాడు. “ఆ మలుపు పైన దుర్భిణి పెట్టుకుని ఇంకొకడు కూర్చుంటాడు. మీ మీద నేను కాపలా, నా మీద వాడు కాపలా.”

ఆయన చైను ఎక్కించడానికి వంగినప్పుడు అత్తగారు మెల్లగా అన్నారు.

“పొద్దున ఆ బెంచీ మీద కూర్చోవలసింది బాబూ. నాకూ కాళ్ళు లాగేస్తున్నాయి. మీరు వద్దన్నారు కదా అని...”

“మీరు నిలబడి ఉన్నారు కదా అని నేను...”

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మొహమాటం మీద మనకో సామెత ఉంది. అత్తగారి ముందు అనదగ్గది కాదు. కానీ దానికంటే సరైన మాట ఇంకోటి లేదు.

కాస్త తేరుకున్నాక బయల్దేరాం. కొండ దాటగానే దిగుడు, దిగుడు చివర ఊరు. మూడు నాలుగు ఇళ్ళ దగ్గర జనం నిలబడి చేతులు ఊపారు, బొమ్మలో ఉన్నట్టే. ఊపి ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోతున్నారు.

“ఆగుదాం అత్తయ్యగారూ” అన్నాను పక్కకి వచ్చి. “ఏమైతే అదవుతుంది. లారీ ఎక్కిస్తే ఎక్కించనివ్వండి.”

“మనల్ని లారీ ఎక్కిస్తారు. అక్కని పోస్టుకి ఈడుస్తారు. మంచం మీద ఉన్న మనిషి బాబూ. దాని నోటి కాడ కూడు నేను తియ్యనా?”

నేను మళ్ళీ ఆవిడ వెనక్కి తగ్గాను.

నీలం తలుపు వచ్చింది. రంగు వెలిసి తెల్లబారింది గాని నీలమే. అరుగు మీద దుప్పటి కప్పుకుని ఒక ముసలావిడ. మమ్మల్ని చూడగానే, కాదు, పసుపు రంగు కదలడం చూడగానే, గోడ పట్టుకుని లేచారు. దుప్పటి జారిపోయింది. గోడ వదిలేసి రెండు చేతులూ పైకెత్తి ఊపారు.

మా అత్తగారు సైకిల్ నెమ్మది చేశారు. చిన్నప్పుడు బళ్ళో అందరికంటే చివర వచ్చినవాళ్ళకి బహుమతి ఇచ్చే నెమ్మది సైకిల్ పందెం ఉండేది చూడండి, అలా తొక్కారు. చక్రం తిరుగుతోందా లేదా అన్నంత నెమ్మదిగా, కాలు నేలకి ఆనకుండా, పడిపోకుండా. అంత నెమ్మదిగా సైకిల్ కదలడం నేను అంతకుముందు చూడలేదు. చెయ్యెత్తి ఊపారు. గొంతు విప్పి అక్కా అని పిలవడానికి లేదు, వెనక మోటారుసైకిల్ గుడగుడమంటోంది, అక్క లేదని రాసిచ్చి వచ్చాం. నల్లద్దాల కింద నుంచి నీళ్ళు చుబుకం దాకా కారుతున్నాయి.

పెద్దత్తగారు నవ్వుతూ ఊపుతున్నారు. ఒకే పోలిక, ఆ కింది పెదవి, ఆ నవ్వు. అప్పుడు ఆవిడ నా వైపు తిరిగారు. నాకూ అలాగే రెండు చేతులూ ఎత్తి, అదే నవ్వు నవ్వుతూ ఊపారు. చెల్లెల్ని గుర్తుపట్టి ఉంటే నాకెందుకు అదే నవ్వు?

జేబులో డబ్బా తొడకి గుచ్చుకుంటోంది. చెయ్యి చాపితే అందేంత దూరంలో అరుగు. నేనేమీ విసరలేదు. విసిరితే ఆ వస్తువుకి కూడా ఆవిడే జవాబు చెప్పుకోవాలి. పనికిమాలిన చెయ్యి ఒకటి గాల్లో ఊపుకుంటూ ముందుకి పోయాను.

మలుపు దగ్గర నేను వెనక్కి తిరిగి చూశాను. ఆవిడ మళ్ళీ అరుగు మీద కూర్చున్నారు. మా వైపు చూడట్లేదు. మేము వచ్చిన దిక్కుకి, తర్వాతి సైకిల్ వచ్చే దిక్కుకి మొహం పెట్టుకుని కూర్చున్నారు.

“గుర్తుపట్టిందంటారా?” అని అడిగారు అత్తగారు, చాలా దూరం పోయాక.

“పట్టారనే అనుకుంటున్నాను” అన్నాను. ఆవిడ తలూపారు. నమ్మలేదని తెలుసు, నమ్మినట్టు ఉండడం కూడా మర్యాదే.

చివరి గేటు దగ్గర సైకిళ్ళు లాక్కున్నారు, కోట్లు విప్పించారు. బల్ల వెనక ఇంకో అధికారి చిరునవ్వుతో ప్రశ్నలు అడిగాడు.

“శిబిరంలో సదుపాయాలు బాగున్నాయా?”

“బాగున్నాయి” అన్నారు అత్తగారు.

“దారిలో ఊళ్ళవాళ్ళు స్నేహంగా ఉన్నారా?”

“ఉన్నారు నాయనా. చెయ్యి ఊపారు.”

“మళ్ళీ రావాలని ఉందా?”

ఆయన కలం పట్టుకుని ఎదురుచూశాడు.

“ఉంది” అన్నారు.

“చాలా సంతోషం అమ్మా! రెండేళ్ళ తర్వాత తప్పకుండా దరఖాస్తు పెట్టుకోండి” అన్నాడు. ఆ మంచి మనిషిని ఆ బల్లతో సహా లోయలోకి తోసెయ్యాలనిపించింది. ఏమీ చెయ్యలేదు. చెప్పిన చోట సంతకం పెట్టాను.

బయటికి పోయే బస్సు రావడానికి ఇంకా సమయం ఉంది. రేకుల షెడ్డు, కింద ఒక బెంచీ. అత్తగారు దాని మీద కూర్చున్నారు, ఇక నిలబడే ఓపిక లేక. గార్డు సెలవు తీసుకోవడానికి వచ్చి, కబుర్ల మనిషి కదా, ఊరుకోలేక అన్నాడు.

“ఆ నీలం తలుపు ముసలావిడని చూశారా? మిగతావాళ్ళు మేం ఊపమంటే ఊపుతారు. ఈవిడకి చెప్పక్కర్లేదు. ఎవరో సైకిల్ మీద వస్తారని ఉప్పు లారీవాడు చెప్పాడట. మంచాన పడ్డ మనిషి, ఆ కబురు విన్నప్పట్నుంచీ లేచి కూర్చుంది. పొద్దున్నే అరుగు మీదికి వచ్చేస్తుంది. ఏ సైకిల్ వచ్చినా లేచి నిలబడుతుంది. వాళ్ళు వచ్చేదాకా మళ్ళీ మంచం ఎక్కనంటుందట. ఎంత పట్టుదలో చూడండి!”

దగ్గుకుంటూ, నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. నేను అత్తగారి వంక చూడలేకపోయాను. ఆవిడే పిలిచారు.

“అల్లుడుగారూ.”

“చెప్పండి.”

“ఉప్పు లారీ అబ్బాయి కనపడితే, మేం వెళ్ళి వచ్చేశామని అనకండి. పర్మిట్ ఇంకా రాలేదని చెప్పమనండి. వస్తుందని చెప్పమనండి.”

“సరే.”

జేబులోంచి డబ్బా తీశాను. ఇదైనా అతనితో పంపుదామని, ఈ ఒక్క పనైనా చేద్దామని. ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకున్నారు, తెరిచి చూశారు, మూసి నాకే ఇచ్చేశారు.

“ఎంత బాగా చేశారో! కానీ వద్దు బాబూ, ఇది పంపకండి. ఇది పెట్టుకుంటే వచ్చేవాళ్ళంతా పరాయివాళ్ళని తెలిసిపోతుంది. ఇప్పుడైతే అక్క కంటికి వచ్చే ప్రతివాళ్ళూ నేనే.”

డబ్బా మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. ఆవిడ బెంచీ మీద కొంచెం పక్కకి జరిగారు. నేను ఆవిడ పక్కన కూర్చున్నాను.